దిగలేదుగా, పిన్నీ

ఆ చిన్న విమానానికి యజమాని ఒకరు, నడిపేవాడు ఒకడు, మరమ్మతు చేసేవాడు ఒకడు. దాని మంచీచెడ్డా కాగితం మీద పెట్టేది మాత్రం పిన్ని. నిజానికి ఆవిడ పైలట్ ఒక్కడికే పిన్ని, వాళ్ళమ్మకి సొంత చెల్లెలు. వాడు అందరి ముందూ "పిన్నీ, పిన్నీ" అని అరిచి అరిచి మెకానిక్‌కి తప్ప షెడ్డు మొత్తానికీ అదే అలవాటు చేశాడు. ఆఖరికి ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాడైన యజమాని కూడా ఓసారి నోరుజారి "పిన్నిగారూ" అనేసి, ఆ తర్వాత చాలాసేపు గొంతు సవరించుకుంటూ కూర్చున్నాడు.

ఆవిడ పని చెప్పుకోవడానికి చిన్నదే. విమానం ఎగిరొచ్చిన ప్రతిసారీ ఇంజను ఎన్ని గంటలు తిరిగింది, పెట్రోలు ఎంత మిగిలింది, ఆయిల్ ఎంత తగ్గింది... ఈ మూడూ రాయాలి. విమానం షెడ్డు ముందుకొచ్చి ఆగగానే పైలట్ పక్కనున్న చిన్న కిటికీ తీసి, మీటరు చూసి గంటలూ పెట్రోలూ కేకేసి చెప్పేవాడు. ఈవిడ గుమ్మం దగ్గర బల్ల ముందు కూర్చుని రాసుకునేది. ఆయిల్ మాత్రం ఎవరు చెప్పినా నమ్మదు. ఇంజను కాస్త చల్లారాక తనే వెళ్ళి, మూత తీసి, కడ్డీ ముంచి చూడాల్సిందే.

చేరిన రోజునే మెకానిక్ ఆవిడకో మాట చెప్పాడు. "కారులో ఆయిల్ అయిపోతే రోడ్డు పక్కన ఆపుకోవచ్చు చెల్లెమ్మా. పైన పక్కలుండవు." ఆ మాట ఆవిడ ఒంట్లోకి ఇంకిపోయింది.

ఆవేళ పొద్దున్నే పైలట్ వెళ్ళాడు. యజమానినీ, ఆయన మనవరాలినీ కొండల అవతలి ఊరినుంచి తీసుకురావాలి. పిన్నికి వాడు పైలట్ ఎప్పుడూ కాదు, బుజ్జిగాడే. వాడు పుట్టిన ఏడాదే వాళ్ళ నాన్న పోతే, అక్క ఉద్యోగానికి వెళ్ళేది, వీడు పిన్ని చంకనే పెరిగాడు. విమానం ఎక్కుతూ కూడా "సాయంత్రానికి వచ్చేస్తా, గేటు మూసేసి పోకు" అని వెక్కిరించి మరీ వెళ్ళాడు.

సాయంత్రం కావొస్తుండగా పొగమంచు దిగింది.

ముందు రన్‌వే చివర ఉన్న దీపాలు పోయాయి. తర్వాత గాలి ఎటునుంచి వీస్తోందో చూపించే గుడ్డ గొట్టం పోయింది. ఇంకాసేపటికి షెడ్డు ముందున్న సిమెంటు నేల కూడా నాలుగడుగుల తర్వాత కనిపించడం మానేసింది. చప్పుడన్నది లేదు. రేకుల మీంచి నీటి చుక్కలు జారి పడుతున్నాయి. తడిసిన ఇనుము వాసన. పిన్ని శాలువా బిగించుకుని గుమ్మంలోనే కూర్చుంది. వెనక గదిలో మెకానిక్ చేతులు కడుక్కుంటున్నాడు.

"ఈ మంచులో వాడు రాడులే చెల్లెమ్మా. అక్కడే ఉండిపోయుంటాడు," అన్నాడు లోపల్నుంచి.

ఆయన మాట పూర్తవుతూనే ఇంజను చప్పుడు వినిపించింది.

దూరంగా మొదలై, దగ్గరికొచ్చి, షెడ్డు ముందుకొచ్చి ఆగింది. మంచులో ఒక రెక్క కొన మసకగా కనబడింది. ఆ వెనక పొడవుగా, నల్లగా విమానం ఆకారం. పిన్నికి గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఆ కళ్ళు కనపడని మంచులో ఎలా తెచ్చాడో, వెధవ, వీపు విమానం మోత మోగించాలి అనుకుంటూ పెన్ను తీసింది.

చిన్న కిటికీ జరిగిన చప్పుడు.

"రాసుకో పిన్నీ."

బుజ్జిగాడి గొంతే. కాస్త బొంగురుగా ఉంది. మీటరు గంటలు ఒక్కో అంకే విడివిడిగా చెప్పాడు. ఆవిడ రాసింది.

"పెట్రోలు?"

"సగం పైనే ఉంది."

"అయ్యగారేరీ? మాటే వినబడదు. పాప నిద్రపోయిందా?"

"పాప చలి అంటోంది పిన్నీ."

"అనదూ మరి! ముందు దాన్ని దింపి లోపలికి తీసుకురా. ఆయిల్ నేను తర్వాత చూసుకుంటాలే."

"ఆయిల్ లేదు."

"తగ్గిందా?"

"లేదు."

ఆవిడకి నవ్వొచ్చింది. "చుక్క లేకపోతే ఇంజను పట్టేసేది కదరా. మరెలా దిగావు?"

మంచు మెల్లగా కదిలింది. రెక్క కొన కనపడకుండా పోయింది.

"దిగలేదుగా, పిన్నీ..."

ఇంకా సీట్లోంచి దిగలేదు అంటున్నాడనుకుంది ఆవిడ. "సరే, దిగు మరి" అనబోయింది. అంతలో బల్ల మీద ఫోను మోగింది. తెరమీద పేరు చూసి విసుక్కుంది. బుజ్జి. ఎదురుగా కూర్చుని ఫోన్లేంటో!

"ఏంట్రా నీ ఆటలు? దిగి రావచ్చుగా," అంది ఫోనెత్తి.

"దిగా పిన్నీ, ఎప్పుడో. కొండల ఇవతలే మంచు కమ్మేస్తే వెనక్కి తిప్పేశాను. బయల్దేరిన చోటే దిగాం. అయ్యగారూ పాపా హోటల్లో ఉన్నారు. పొద్దున్నే మంచు విడగానే వచ్చేస్తాం. అమ్మకి మాత్రం చెప్పకు, రాత్రంతా కూర్చుంటుంది."

ఫోను పిన్ని చెవి దగ్గరే ఉంది. రెండో చెవికి బయట విమానం తలుపు తెరుచుకున్న చప్పుడు వినబడింది. తర్వాత బూట్లు తడి నేల మీద పడిన చప్పుడు. ఒక్కరివే. మెల్లగా... ఆవిడ కూర్చున్న గుమ్మం ముందునుంచే... గేటు వైపు వెళ్ళిపోయాయి.

ఎవరూ కనబడలేదు.

"పిన్నీ? వింటున్నావా?"

"బుజ్జీ..." గుసగుసగా అంది. "మీటరు ఎంతుందిరా?"

వాడు చెప్పాడు. ఆవిడ ఇప్పుడే రాసుకున్న అంకె అంతకంటే ఎక్కువుంది. పెద్ద తేడా కాదు. కొంచెమే ఎక్కువ.

"ఆయిల్ చూశావా?"

"నిండుగా ఉంది తల్లీ. నీ దెబ్బకి నిద్దట్లో కూడా ఆయిలే చూస్తున్నా."

"రేపు ఎగరొద్దు. నా మాట విను. నేనొచ్చేదాకా..."

గరగరమని ఏదో శబ్దం. ఫోను తెగిపోయింది. మళ్ళీ చేస్తే కలవలేదు.

మెకానిక్ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "వచ్చేశాడే! ఏడీ మావాడు?" ఆయన కూడా ఇంజను విన్నాడు. పిన్ని మంచు వైపు వేలు చూపించింది.

టార్చి పట్టుకుని ఇద్దరూ వెళ్ళారు. రెక్క ఉన్న చోట మంచు. తోక ఉన్న చోట మంచు. విమానం లేదు. నేల మీద మాత్రం నల్లగా చుక్కలు పడి ఉన్నాయి. మెకానిక్ వంగి ఒక చుక్క మీద వేలు పెట్టి, చురుక్కుమన్నట్టు వెనక్కి లాక్కున్నాడు.

"కాలుతోంది చెల్లెమ్మా."

వేళ్ళ మధ్య రుద్ది వాసన చూశాడు. ఇంజను ఆయిలే. లోపలికొచ్చి ఆవిడ రాసిన అంకె చూశాడు, బుజ్జి ఫోనులో చెప్పిన అంకె ఆవిణ్ణి అడిగి తెలుసుకున్నాడు. లెక్క కట్టడానికి ఆయనకి కాగితం అక్కర్లేదు.

"అక్కడినుంచి ఇక్కడికి రావాలంటే ఈ తేడా కంటే ఎక్కువసేపు పడుతుంది," అన్నాడు.

"అంటే?"

"కొండల దాకా సరిపోతుంది."

పిన్ని అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.

మెకానిక్ వ్యాను పాతది. ఆ మంచులో అది నడిచినట్టు లేదు, తడుముకుంటూ పాకినట్టుంది. ఆయన తల కిటికీ బయట పెట్టి రోడ్డు మీది తెల్ల గీత చూస్తూ నడిపాడు. పిన్ని ఫోను చేస్తూనే ఉంది, అటు మోగడమే లేదు. వ్యాను వెనక భాగంలో సామాను కదిలినప్పుడల్లా ఆవిడ వెనక్కి చూసేది. ఒకసారి మెకానిక్ నెమ్మదిగా అడిగాడు. "గొంతు వాడిదేనా? బాగా గుర్తు తెచ్చుకో."

"పాలు పట్టినదాన్ని అన్నయ్యా. వాడి దగ్గు వింటే జ్వరం ఎంతుందో చెప్తాను."

ఆయన మళ్ళీ తెల్ల గీత వైపు తల తిప్పాడు.

కొండలు దాటేసరికి తెల్లారింది. అవతల మంచు విడిపోతోంది. ఆ ఊరి రన్‌వే గేటు దగ్గరికి వస్తూనే పిన్నికి ఇంజను చప్పుడు వినబడింది. ఈసారి ఎదురుగా అన్నీ స్పష్టంగా కనబడుతున్నాయి. ప్రొపెల్లర్ తిరుగుతోంది. కిటికీలోంచి పాప ఊలు టోపీ కనబడుతోంది. విమానం మెల్లగా కదిలింది.

వ్యాను పూర్తిగా ఆగకముందే పిన్ని దూకింది. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి ఊపుతూ, పరిగెత్తి పరిగెత్తి విమానానికి అడ్డంగా వెళ్ళి నిలబడింది. వెనకనుంచి మెకానిక్ "ఫ్యాను... ఫ్యాను చూసుకో!" అని గుండె పగిలేలా అరిచాడు.

ఇంజను ఆగింది. బుజ్జి దిగి వచ్చాడు. ముఖంలో రక్తం లేదు.

"నీకేమైనా మతి పోయిందా పిన్నీ? ఇంకో రెండడుగులైతే..."

ఆవిడ వాడి చెయ్యి పట్టుకుంది. వెచ్చగా ఉంది. పైనుంచి కిందిదాకా తడిమింది. అప్పుడు ఏడ్చింది.

యజమాని కూడా దిగాడు. ఆయనకి పట్టరాని కోపంగా ఉంది. "విషయమేమిటో ఒక్క ముక్కలో చెప్పండి," అన్నాడు. ఒక్క ముక్కలో చెప్పగలిగేది కాదది. మెకానిక్కే కలగజేసుకుని, ఆయిల్ సంగతి అనుమానంగా ఉంది, ఒక్కసారి చూస్తానన్నాడు. మూత తీసి కడ్డీ ముంచాడు. నిండుగా ఉంది. గొట్టాలన్నీ చేత్తో తడిమాడు. ఎక్కడా తడి లేదు.

బుజ్జి తల పట్టుకున్నాడు. "రాత్రే చెప్పాగా నిండుగా ఉందని."

పిన్నికి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అయినా కాళ్ళు అక్కణ్ణుంచి కదల్లేదు. "పాపని దింపండయ్యా," అంది. "కిందే, ఇక్కడే, ఇంజను గట్టిగా నడిపి చూడండి. అరగంట. ఆ తర్వాత నన్ను పనిలోంచి తీసేసినా మాట్లాడను."

యజమాని ఏమనుకున్నాడో, మనవరాలిని ఎత్తుకుని పక్కకొచ్చాడు. పాప తాతగారి కోటులోకి ముడుచుకుంది.

"చలి తాతా," అంది.

పిన్ని చెవులు మూసుకుంది.

చక్రాలకి అడ్డు పెట్టి బుజ్జి ఇంజను హోరెత్తించాడు. ఐదు నిమిషాలు. పది. ఏమీ కాలేదు. యజమాని గడియారం చూసుకున్నాడు. ఇరవై. మెకానిక్ చెయ్యెత్తి, ఇక చాలు, ఆపెయ్ అనబోయాడు.

టప్పుమంది.

ముందు అద్దం మొత్తం ఒక్కసారిగా నల్లబడింది. లోపల కూర్చున్న బుజ్జి కనబడకుండా పోయాడు. కింద సిమెంటు మీద నల్లటి మడుగు పొగలు కక్కుతూ పాకింది. ఇంజను కీచుమని ఆగిపోయింది. తర్వాత చూస్తే ఒక గొట్టం, పైకి కనబడని లోపలి మలుపులో, నిలువునా చీలిపోయి ఉంది.

యజమాని చాలాసేపు కొండల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాత పిన్ని దగ్గరికొచ్చి, పాపని ఆవిడ చేతుల్లో పెట్టాడు. పాప బరువుగా, వెచ్చగా ఉంది.

మెకానిక్ అక్కడే ఉండిపోయాడు. పిన్నినీ బుజ్జినీ యజమాని అద్దె కారులో ఇంటికి పంపించాడు. దారంతా ఎండ. బుజ్జి అడిగినదానికల్లా పిన్ని జవాబు చెప్పింది, ఒక్కటి మాత్రం చెప్పలేదు. ఎలా దిగావురా అని అడిగితే ఆ గొంతు ఏమందో చెప్పడానికి నోరు రాలేదు. కాసేపటికి వాడు ఆవిడ భుజం మీద తల వాల్చి, చిన్నప్పటిలాగే నోరు తెరుచుకుని నిద్రపోయాడు. ఇంక భయం లేదనుకుంది. ఇల్లు దగ్గరపడేసరికి ఆకలి కూడా వేసింది.

కారు వీధి మొదట్లోనే ఆగింది. బుజ్జి సంచులు దింపుతుంటే పిన్ని ముందు నడిచింది. మిట్టమధ్యాహ్నం. పక్కింటి వాళ్ళు డాబా మీద బట్టలు ఆరేస్తున్నారు. ఎక్కడో రేడియో మోగుతోంది. అక్క గుమ్మంలోనే కూర్చుని కూరగాయలు తరుగుతోంది. చెల్లెల్ని చూడగానే నోటి మీద వేలు పెట్టింది.

"ష్... నెమ్మదిగా రావే. వాడింకా లేవలేదు."

"ఎవడే?"

"ఎవడేమిటి, నీ ముద్దుల కొడుకు. రాత్రి మంచులో పడి నడిచొచ్చాడు. నిలువెల్లా తడి. లైటు వెయ్యొద్దన్నాడు, తిండి వద్దన్నాడు. చలి, చలి అని ముసుగు తన్ని పడుకున్నాడు." అక్క గొంతు ఇంకా తగ్గించింది. "ఇంతసేపు ఎప్పుడూ పడుకోడు. రెండుసార్లు తలుపు కొట్టాను. పిన్ని వచ్చిందా అని మాత్రం అడిగాడు."

పిన్ని వెనక, గేటు కిర్రుమంది.

"అమ్మా, ఆకలే! ముందు ఏదైనా పెట్టు," అంటూ బుజ్జి రెండు చేతుల్లో సంచులతో లోపలికొచ్చాడు.

అక్క చేతిలోంచి కత్తి జారింది. కొడుకుని చూసింది. మెల్లగా తల తిప్పి, లోపల మూసి ఉన్న గది తలుపు చూసింది.

ఆ గదిలో మంచం కిర్రుమంది. ఎవరో లేచి నిలబడ్డట్టు... రెండడుగులు వేసినట్టు...

ఆ తర్వాత, లోపల్నుంచి గడియ తీస్తున్న చప్పుడు.