తొంభై నాలుగో ముడి

పిల్లలూ, ముందే చెబుతున్నాను, ముక్కు మూసుకుని వినండి. ఈ కథ కంపులో మొదలై, మధ్యలో ఇంకా పెద్ద కంపులోకి దిగుతుంది.

తూర్పు మహాసముద్రం నడిమధ్యలో ఓరేవా అనే దీవి ఉండేది. పొద్దున్నే బయల్దేరి ఒడ్డు వెంట నడిస్తే, ఎండ ముదరకముందే మొదలుపెట్టిన చోటికి వచ్చేస్తాం. అంత చిన్నది. తొంభై నాలుగు ఇళ్ళు, ఆరు వందల పన్నెండు మంది మనుషులు, ఒక రాజు, ఒక మంచినీళ్ళ మడుగు. ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, ఓరేవా వాళ్ళు ప్రతిదాన్నీ కొబ్బరిపీచు తాడులో ముడి వేసి దాచేవాళ్ళు. బిడ్డ పుడితే ముడి. తుఫాను వస్తే ముడి. ఒడ్డున కొత్తగా ఏది దిగినా ముడి. వాళ్ళ జనాభా లెక్క అదే, చరిత్ర పుస్తకమూ అదే. దానికి ఒకే ఒక్క నియమం ఉంది. ఏ ముడి మీద వేలు పెట్టినా దాని కథ నోటితో చెప్పి తీరాలి. చెప్పకుండా ముట్టుకోవడం వాళ్ళ దృష్టిలో ఎంగిలి చేత్తో దేవుణ్ణి తాకినంత తప్పు.

ఆ తాడులో ఇంకో వింత కూడా ఉంది. ప్రతి ఇంటికీ ఒక పెద్ద నల్లటి సముద్రపక్షి ఉండేది. ఇంటి కప్పు మీద కూర్చునేది, పట్టిన చేపలో వాటా తినేది. తాడులో ఆ ఇంటి పిల్లల ముడుల తర్వాత దానికీ ఒక ముడి ఉండేది. వేల ఏళ్ళుగా ఆ పక్షుల తాతముత్తాతలు వేసిన రెట్టలే గట్టిపడి, దీవి మధ్యలో తెల్లటి మెట్టగా లేచాయి. పక్షులు గూళ్ళు కట్టుకునేది అక్కడే. అవును, ఆ దీవిలో మూడొంతులు రెట్టే. అప్పుడే ఛీ అనకండి. ఆ రెట్ట మీద మల్లెల్లాంటి పూలు పూసేవి. ఛీ అనాల్సింది ఇప్పుడు వస్తుంది.

ఒకరోజు ఓడలు వచ్చాయి. ఆ తెల్లమట్టి చల్లితే తమ దేశంలో పంటలు ఏపుగా పెరుగుతాయని ఓడ నాయకుడికి తెలిసింది. మెట్ట మీద ఎవరైనా ఉంటారా అని అతను రాజు దెబావోని అడిగాడు. రాజు ముందు ఓడలోంచి దించిన మాంసం డబ్బాలు వరసగా పేర్చి ఉన్నాయి. రాజు వాటికేసి చూసి గుటక మింగి, ఎవరూ ఉండరన్నాడు. తాడులో పక్షుల ముడులున్నాయి కదా అని ఎవరో గుర్తుచేస్తే, వాటిని ఏరి కోసేయమన్నాడు. తాడు కాపరి ఐనేమా ఆ ముడులన్నీ కోసి ఒక ముక్కగా కలిపింది. ఆ ముక్కని కొత్తగా తవ్విన మొదటి గుంతలో విసిరేశారు.

పదేళ్ళు తవ్వారు. మెట్ట మొత్తం ఓడలెక్కి వెళ్ళిపోయింది. మట్టి కింద దాగిన పగడపు రాళ్ళు కోరల్లా బయటపడ్డాయి. వాటి మధ్య గుంతలు, గుంతల్లో పచ్చటి నురగ. పక్షులు ఎటో వెళ్ళిపోయాయి. ఖాళీ డబ్బాలు గుట్టయ్యాయి, వాటి అడుగున మిగిలిన మాంసం కుళ్ళి పురుగులు పట్టింది. రాజు మాత్రం రోజుకి ఆరు డబ్బాలు ఖాళీ చేసి, నూనె కారే వేళ్ళని పక్కనున్నవాళ్ళ భుజాలకి తుడుచుకునేవాడు. అయినా ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. అదింకా అసహ్యం.

అప్పుడు తగిలింది శాపం. ఒక ఉదయం దీవిలో అందరి కాలివేళ్ళూ గట్టిపడ్డాయి. అందరికంటే ముందు, అందరికంటే వేగంగా ఐనేమా పాదాలు తెల్లటి పగడపు రాయిగా మారాయి. ఆమెకి పన్నెండేళ్ళ కూతురుంది, పేరు ఐరోవా. కూతురు నీళ్ళు తెచ్చేలోపు రాయి అమ్మ మోకాళ్ళ దాకా పాకింది.

"పొద్దు గుంకేసరికి గుండెకొస్తుంది," అంది ఐనేమా. "నేనే కోశానే ఐరో. ఒక్క ముడి కథ కూడా చెప్పకుండా, నోరు మూసుకుని కోశాను. వెళ్ళి ఆ ముక్క తెచ్చి తాడుకి కట్టు."

పక్షుల కథలు తనకి రావు కదా అంది ఐరోవా.

"వచ్చు. చిన్నప్పుడు నిన్ను దేంతో నిద్రపుచ్చాననుకున్నావు?"

ఐరోవాకి అప్పుడు తట్టింది. అమ్మ రోజూ పాడిన ఆ పొడవాటి జోలపాట, రెక్కకి చిల్లున్న పక్షి, చేప దొంగిలించే పక్షి, అన్నీ ఆ ముడులే. అందులో తొంభై మూడే ఉన్నాయని తల్లి హెచ్చరించింది. రాజుగారింటి ముడి కథ రాజింటివాళ్ళు తప్ప ఇంకెవరూ చెప్పకూడదట. అందుకని అది ఆమెకీ తెలియదు.

ఐరోవా గట్టిపడుతున్న కాలివేళ్ళతోనే మెట్టవైపు నడిచింది.

దారికి అడ్డంగా డబ్బాల గుట్ట ఉంది. తుప్పు, జిడ్డు, ఈగలు. గుట్ట మీద పిల్లంత లావున్న ఎలుక కాళ్ళు చాపుకుని కూర్చుంది. అదే ఎలుకల నాయకుడు. దాని మీసాలకి పురుగులు అంటుకుని ఉన్నాయి. దీవిలో ఇప్పుడు మనుషులకంటే తామే ఎక్కువమంది ఉన్నామని, అయినా తమని ఏ లెక్కలోనూ రాయలేదని, అందుకని మనుషుల్ని దాటనివ్వబోమని అది దబాయించింది.

"రాయలేదని ఎవరన్నారు?" అంది ఐరోవా. వాంతి ఆపుకుంటూ కళ్ళు మూసుకుని, అమ్మ నేర్పిన వరస గుర్తుచేసుకుంది. "మొదటి ఓడ వచ్చిన రోజు ముడి. తాడు పట్టుకుని దిగినవి పదకొండు ఎలుకలు. మూడోది కుంటిది. దిగగానే వెనక్కి తిరిగి ఓడకేసి చూసి ఏడ్చింది."

ఎలుకల నాయకుడు మీసాలకి అంటుకున్న పురుగుల్ని దులుపుకుంది.

"మా మామ్మ కుంటిదే," అంది. "ఏడ్చిందని మాకెవరూ చెప్పలేదు." అని పక్కకి జరిగింది. ఐరోవా మోకాళ్ళ దాకా జిడ్డులో దిగి అవతలికి పోయింది.

తర్వాత మంచినీళ్ళ మడుగు వచ్చింది. పేరుకే మంచినీళ్ళు. పైన చీములాంటి పాకుడు తేలుతోంది. అందులో వందేళ్ళ పీత తాత తపస్సు చేసుకుంటున్నాడు. ఆయన కళ్ళ మీద పాకుడు పెచ్చు కట్టి చాలాకాలమైంది. ఐరోవా అడక్కుండానే గోళ్ళతో గీకి తీసింది. గోళ్ళ కింద చేరిన పాకుడు వాసనకి ఆమె తల తిరిగింది. పీత తాత కళ్ళు రెండూ చెరోవైపు తిప్పి మెట్టకేసి చూశాడు.

"ఇలా చేశార్రా," అని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. "గీకకపోయినా బాగుండేది మనవరాలా."

అప్పుడాయన చెప్పిందిది. మొదటి గుంతలో ఒక రాక్షసుడున్నాడు. ఎక్కణ్ణుంచి వచ్చాడో ఎవరికీ తెలియదు. గుంతలో ఏది పడితే అది మింగుతాడు. తాడు ముక్కనీ మింగాడు, అది అరగక పదేళ్ళుగా మూలుగుతున్నాడు. బలంతో లాగితే రాదు, కథ చెబుతూ లాగితేనే వస్తుంది.

ఐరోవా గుంత చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. రాక్షసుడు గుంత నిండా ఉన్నాడు. చర్మం ఉడికిన గుమ్మడికాయలా మెత్తగా, చెమటకి బదులు జిగురు కారుతూ ఉంది. నోటి మూల నుంచి పీచు తాడు కొస ఒకటి వేలాడుతోంది.

"ఎన్ని బుట్టలు?" అన్నాడు. పదేళ్ళుగా గుంత పైన మట్టి బుట్టలు లెక్కపెట్టేవాళ్ళ నుంచి అతనికి వినబడిన మాట అదొక్కటే.

"బుట్టలు కాదు మావయ్యా, నోరు తెరువు," అంది ఐరోవా. ముక్కు మూసుకోవడానికి చేతులు ఖాళీ లేవు. రెండు చేతులతో తాడు పట్టుకుని మొదటి ముడి మీద వేలు పెట్టింది.

"తాబో ఇంటి పక్షి. ఎడమ రెక్కకి చిల్లు. తుఫానులో కప్పు ఎగిరిపోతుంటే అరిచి అందర్నీ లేపింది."

ముడి బయటికి జారింది. దాని వెంట చల్లబడిన గంజిలాంటి జిగురు మోచేతుల దాకా కారింది. రెండో ముడి. మూడో ముడి. మీలె ఇంటి పక్షి దొంగది, పెళ్ళిలో చేప ఎత్తుకుపోతూ పెళ్ళికొడుకు ఒళ్ళో జారవిడిచింది. ఆ కథకి రాక్షసుడి కడుపు కదిలింది. నవ్వాడో, నొప్పి పుట్టిందో తెలియలేదు. కడుపులో పదేళ్ళు నానిన తాడు బంకలా సాగి సాగి వస్తోంది.

నలభయ్యో ముడి దగ్గర ఐరోవా నీడకేసి చూసుకుంది. పొద్దు వాలుతోంది, అమ్మ నడుము దాకా రాయై ఉంటుంది. కంగారులో కథ చెప్పకుండా ఒక ముడి లాగేసింది. అంతే, అది గొంతులో అడ్డుకుంది. రాక్షసుడు భళ్ళున ఆమె మీద కక్కుకున్నాడు. ఆ కక్కులో ఏమేమి ఉన్నాయో నేను చెప్పను, మీరు అన్నం తినాలి కదా. బయటికొచ్చిన ముడుల్లో మూడు మళ్ళీ లోపలికి జారిపోయాయి.

ఐరోవా ముఖం తుడుచుకోలేదు. ఉమ్మి, దమ్ము పీల్చి, ఆ మూడూ మళ్ళీ మొదటినుంచి చెప్పింది. ఈసారి తొందరపడలేదు, జోలపాట ఎలా పాడాలో అలాగే పాడింది. రాక్షసుడి రెప్పలు వాలాయి. తొంభై మూడు ముడులూ బయటికొచ్చాయి. తొంభై నాలుగోది గొంతు లోపల ఎక్కడో ఆగిపోయింది.

అది రాజుగారింటి ముడి. ఐరోవా తాడు కొస నడుముకి చుట్టుకుని ఊరివైపు నడిచింది. తాడు సాగుతూనే ఉంది. మడుగు దాటింది, డబ్బాల గుట్ట దాటింది. అక్కడ ఎలుకలు అడక్కుండానే తాడుని వీపుల మీద మోసి దాటించాయి. రాజు గుమ్మం దగ్గరికి వచ్చాక ఆమె ఆగింది. అప్పటికి ఆమె కాళ్ళు మడమల దాకా మొద్దుబారాయి.

రాజు దెబావో చాప కప్పుకుని కూర్చున్నాడు. నడుము దాకా రాయైపోయాడని ఎవరికీ కనబడకూడదని ఆ చాప. ఒళ్ళో మాత్రం తెరిచిన డబ్బా ఉంది. ఐరోవాని చూసి ముక్కు మూసుకున్నాడు. ఈ గబ్బు మనిషిని ఎవరు రానిచ్చారని విసుక్కున్నాడు. తాడు పట్టుకుని మీ ఇంటి పక్షి కథ చెప్పండి అంటే, ఆ జిగురు నేను ముట్టనన్నాడు.

"తమరు తినేదానికంటే ఇదే శుభ్రం, దొరా," అంది ఐరోవా.

గుమ్మం బయట చేరిన జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. పదేళ్ళలో రాజుని చూసి నవ్వడం అదే మొదటిసారి. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. అందరూ ఊరికే నిలబడి రాజుకేసి చూశారు. రాజు డబ్బాలోకి చూశాడు. ఒక ఈగ అందులో మునిగి ఉంది. అతను డబ్బా పక్కన పెట్టి, రెండు వేళ్ళతో తాడు పట్టుకున్నాడు. కాసేపటికి గుప్పిటంతా బిగించాడు.

"దాని పేరు లూమె," అన్నాడు. "నాకు ఆరేళ్ళప్పుడు కెరటం లాక్కుపోయింది. జుట్టు పట్టుకుని ఒడ్డుకి ఈడ్చింది. ఇదిగో, ఇక్కడింకా వెంట్రుకలు మొలవవు." నెత్తి తడుముకున్నాడు. ఐరోవా తాడు లాగింది. రాలేదు. కథ ఇంకా అవలేదు.

రాజు చెయ్యి నెత్తి మీంచి భుజం మీదికి జారింది.

"మెట్ట మీద ఎవరూ ఉండరని నేను చెప్పినప్పుడు, అది నా భుజం మీదే ఉంది."

తాడు ఒక్కసారిగా వదులైంది. దూరంగా గుంతలోంచి పెద్ద తేనుపు వినబడింది. ఆ తర్వాత రెక్కల చప్పుడు. మనుషులు తమని లెక్కలోంచి కోసేసినప్పుడు మిగతా పక్షులన్నీ ఎగిరిపోయాయి. తన ఇంటివాణ్ణి వదల్లేక లూమె ఒక్కటే ఆ గుంతలో దిగి, పారేసిన మాటలన్నీ మింగుతూ రాక్షసుడై కూర్చుంది. ఇప్పుడు ఒళ్ళంతా జిగురు కారుతూ, సగం ఈకలు ఊడి, ముసలిదై వచ్చి రాజింటి కప్పు మీద వాలింది.

ఐరోవా తొంభై నాలుగో ముడితో సహా తాడు ముక్కని ఈడ్చుకుంటూ, మొద్దుబారిన కాళ్ళతోనే ఇంటికి పరుగెత్తింది. రాయి అమ్మ గుండెకి నాలుగు వేళ్ళ దూరంలో ఉంది. ఇద్దరూ కలిసి ముక్కని పాత తాడుకి కట్టారు. ఐనేమా ఈసారి ప్రతి ముడినీ ముట్టుకుని, పైకి చెప్పి కట్టింది. రాజే అందరి ముందూ చెప్పేసిన ఆఖరి పేరు కూడా పలికేసరికి, ఆమె ఒంటి నుంచీ ఊళ్ళో అందరి ఒంటి నుంచీ రాయి సున్నంలా రాలిపోయింది. ఆమె లేచి నిలబడి కూతుర్ని వాసన చూసింది.

"ముందు స్నానం చెయ్యవే," అంది.

మర్నాడు ఓడ నాయకుడు మట్టి ఇంకేమైనా దొరుకుతుందేమోనని బుట్టలతో దిగితే, మెట్ట మీద ఎవరున్నారో ఆరు వందల పన్నెండు మందీ కలిసి చెప్పారు. పేరుపేరునా చెప్పారు, మధ్యాహ్నం దాకా చెప్పారు. విని విని అతను ఓడెక్కేశాడు. దెబావో రాజరికం వదులుకుని, రోజూ డబ్బాలు ఏరి గుంతలు పూడ్చే పనికి వెళ్ళాడు. దీవి పాలన తాడు కాపరి చేతికి వచ్చింది. ఐరోవా పెద్దయ్యాక ఆ తాడు పట్టుకుని చాలాకాలం ఓరేవాని ఏలింది, ఎలుకలు దిగిన రోజు ముడి కథ కూడా చెబుతూ.

పోయిన మెట్ట తిరిగి రాలేదు పిల్లలూ. అబద్ధం చెప్పను. కానీ లూమె వాలిన ఆ మొదటి సాయంత్రం ఒకటి జరిగింది. దెబావో కప్పు కింద నిలబడి పైకి చూస్తుంటే, అది సరిగ్గా అతని బట్టతల మచ్చ మీద రెట్ట వేసింది. అతను తుడుచుకోబోయాడు. ఐరోవా అతని చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ రెట్టని కొబ్బరి చిప్పలోకి తీసి, జాగ్రత్తగా మోసుకెళ్ళి, ఒట్టి రాళ్ళు మిగిలిన మెట్ట నడిమధ్యలో పెట్టింది. ఆ రాత్రి తాడులో ముడి వేసి, కథ పైకి చెప్పింది.

"ఇళ్ళు తొంభై నాలుగు. మనుషులు ఆరు వందల పన్నెండు మంది. పక్షి ఒకటి. మెట్ట, ఒక చిప్పెడు."