పలకని వీధి

ఉదయం 10.40కి ఎనిమిదో గని కాలనీ నాలుగో వీధిలో ఎనభై ఆరు ఇళ్లు పలకడం మానేశాయి. ఇళ్లలో కరెంటు ఉంది. లైన్లు తెగలేదు.

నివాస క్షేమ కేంద్రం తొంభై సెకన్లకు ఒకసారి ప్రతి ఇంటినీ పలకరిస్తుంది. గుమ్మం పక్కన బిగించిన ఇంటిపెట్టె జవాబిస్తుంది. జవాబొస్తే కేంద్రం ఆ ఇంటికి ఎదురుగా ‘క్షేమం’ అని రాసుకుంటుంది. మూడుసార్లు రాకపోతే గంటలోగా ఒక అధికారి బండితో ఆ ఇంటికి వెళ్లాలి. ఇంటి మనిషి నోట ‘క్షేమం’ అన్న మాట వినేదాకా తిరిగి రాకూడదు. ఇది తొమ్మిదో నిబంధన.

స్వరూపను కేంద్రంలో ‘గోడమేస్త్రి’ అంటారు. బయటి సందేశాలను వడపోసే ఇంటిపెట్టెల ఫైర్‌వాల్ కేంద్రం పలకరింపులను అడ్డుకోకుండా చూడడం ఆమె ఉద్యోగం. ఆ ఉదయం 8.15కి తనిఖీ కోసం ముప్పై రెండో నంబరు ఇంటి తలుపు కొట్టింది.

ఆ ఇల్లు ఓదెలుది. పక్కది ఆయన అక్క వజ్రమ్మది. సోమవారం నేల కింద పాత గని కుంగి వజ్రమ్మ ఇంటి వెనక గది ఆమె మీద పడింది. గుమ్మం గోడ నిలిచింది. దాని మీది పెట్టె బ్యాటరీతో నడిచింది. వీధివాళ్లు కేంద్రానికి పదకొండుసార్లు ఫోన్ చేశారు. ఇల్లు పలుకుతోందని కేంద్రంవాళ్లు ప్రతిసారీ చెప్పారు. గడ్డపారలతో వాళ్లే తవ్వుకుని ఆమెను చేరేసరికి ఇరవై ఆరు గంటలు పట్టింది. అప్పటికి ఆమె లేదు. ఆ ఇరవై ఆరు గంటల్లో కేంద్రం 1,040 సార్లు ‘క్షేమం’ అని రాసుకుంది.

“మా అక్క సచ్చినంక గూడ ఆ డబ్బా బాగనే ఉన్న అన్నది బిడ్డా,” అన్నాడు ఓదెలు. “దానికి నోరెవడిచ్చిండు?”

“నేనే పెద్దయ్యా. మార్చిల నేనే సెట్ చేసిన.”

ఓదెలు పక్కకు జరిగి తన వంటింటి గోడ చూపించాడు. నేల నుంచి కప్పు దాకా పగులు. స్వరూప అందులో చెయ్యి పెట్టింది. మోచేతి దాకా పోయింది. బయటికొచ్చి పర్యవేక్షకుడు విద్యాధర్‌కు ఫోన్ చేసింది.

“సార్, ముప్పై రెండు కూలేటట్టుంది. వీధంతా గట్లనే ఉంది. ఖాళీ చేయించాలె.”

“పలుకుతోందా?”

“పలుకుతుంది.”

“మరింకేంటమ్మా? పలికే ఇంటికి బండి పంపే నిబంధన లేదు.”

“నిన్ననే మనిషి పోయింది సార్.”

“అది కూడా పలికిన ఇల్లే కదా. మన తప్పేముంది?”

స్వరూప ఫోన్ పెట్టేసింది. ఇంటిపెట్టె మూత తీసింది.

“కరెంటు పీకెయ్యరాదు? ఒడుస్తది,” అంది ఎదురింటి యశోద, గుమ్మంలోకి వస్తూ.

“బ్యాటరీ ఉందక్కా. పెట్టె ఊడబీకితే పోలీసులొస్తరు. బండి రాదు.”

తెర మీద ‘బయటి పలకరింపులు’ అన్న వరుస తెరిచింది. మూడు దారులు ఉన్నాయి: జవాబివ్వు, తిరస్కరించు, పట్టించుకోకు. యశోద రెండోదాని మీద వేలు పెట్టబోయింది.

“అది గాదు. తిరస్కరిస్తే ఆ మాట కేంద్రానికి పోతది. అదీ జవాబు కిందికే వస్తది. ఏం పోవద్దు. మూడోది నొక్కాలె. మిగతా వరుసలు ముట్టొద్దు, ఫోన్లు నడవాలె.”

“ఇప్పుడే బందైతదా?”

“ఒక్క ఇల్లు బందైతే నన్నొక్కదాన్ని పిలిచి తెరిపిస్తరు. అందరివీ ఒక్కపారే కావాలె.” అమలు సమయం దగ్గర 10.40 అని కొట్టింది. “ఇంటోళ్ల బొటనవేలు పడాలె, పెద్దయ్యా.”

“నా ఇంట్ల ఇంతకాలం అదే మాట్లాడింది,” అని ఓదెలు వేలు పెట్టాడు. “ఇగ నేను మాట్లాడుత.”

“నీతోని మా చెవులు పోతయి తియ్యి,” అంది యశోద. అప్పటికే తన ఇంటి వైపు నడుస్తోంది.

స్వరూప నాలుగు ఇళ్లలో చేసి చూపించింది. మిగతావి యశోద, ఆమె చూపించినవాళ్లు చేశారు.

11.31కి రెండు బండ్లు వచ్చాయి. వీధివాళ్లంతా రోడ్డు మీద నిలబడి ఉన్నారు. ఎవరూ ‘క్షేమం’ అనలేదు. అధికారి ఓదెలును అడిగాడు: “క్షేమమేనా? ఆ ఒక్క మాట చెప్పండి, రాసుకుని వెళ్లిపోతాం.”

“లోపలికి పోయి సూసి నువ్వే చెప్పు సార్.”

అధికారి 11.38కి ముప్పై రెండో నంబరు ఇంట్లోకి వెళ్లాడు. 11.41కి బయటికి వచ్చాడు. 11.44కి వీధి ఖాళీ చేయించాలని తన పేరు మీద ఆదేశం రాసి సంతకం చేశాడు.

11.52కి స్వరూప గుర్తింపు కార్డు రద్దయింది. కేంద్రం జీపులో ఆమెను ఆఫీసుకు తీసుకెళ్లారు. ఐదో వీధికి ఆమె వెళ్లలేదు.

12.10కి ఐదో వీధిలో తొంభై నాలుగు ఇళ్లు పలకడం మానేశాయి.