గీత దాటని వైస్ గవర్నర్

“ఇప్పుడు మన గవర్నర్ ఎవరు?” అని అడిగింది రాష్ట్ర గూఢచారి విభాగం నడిపే ఒతసీలియా మేడమ్.

ఏజెంట్ జెనివాల్ గడియారం చూసుకున్నాడు. ఉదయం ఎనిమిది. “ఆయన లిస్బన్ విమానం ఎక్కేశాడుగా. గవర్నర్ దేశం దాటితే వైస్ గవర్నర్ ఎవరిస్తోనే గవర్నర్ అవ్వాలి.”

“అవ్వాలి. ఆ మహానుభావుడు నిన్న సాయంత్రమే సరిహద్దు ఏరు దాటి బొలీవియా ఒడ్డున రిసార్ట్‌లో దిగాడు.”

జెనివాల్‌కి వివరం అక్కర్లేదు. అక్టోబర్లో ఎన్నికలు. ఈ ఆర్నెల్లలో ఒక్క పూట గవర్నర్ కుర్చీలో కూర్చున్నా సెనేట్‌కి పోటీ చేసే అర్హత పోతుంది. అందుకే గవర్నర్ పెట్టె సర్దుతున్నాడని తెలిస్తే చాలు, వైస్ గవర్నర్ ఆయన కంటే ముందే సరిహద్దు దాటేస్తాడు. మిగతా రోజుల్లో కుర్చీ కోసం తోడబుట్టినవాణ్ణయినా తొక్కేసే జాతి ఇది. ఈ ఆర్నెల్లూ మాత్రం కుర్చీని చూస్తే పాముని చూసినట్టు పరిగెడుతుంది.

“అయితే స్పీకర్ క్లొదోమీర్‌దే రాజ్యం,” అన్నాడు.

“అవును. వాడికి ఈసారి పోటీ లేదు, సిగ్గూ లేదు. బోరియాల్ అనే విదేశీ కంపెనీ ముఠా బయటి దేశంలో విల్లా కొనిచ్చింది. ఈరోజు పన్నెండింటికి వలల రేవుని తొంభై తొమ్మిదేళ్ళ లీజుకి వాళ్ళకి రాసిస్తున్నాడు. సోమవారం బుల్డోజర్లు దిగుతాయి.”

జెనివాల్ ఒళ్ళు మండిపోయింది. వాడు పుట్టింది ఆ రేవులోనే. అక్క జిల్డా ఈనాటికీ అక్కడే చేపలు ఎండేస్తోంది.

“గవర్నర్ తిరిగొచ్చాక రద్దు చెయ్యలేడా?”

“విదేశీ కోర్టులో కేసు పడుతుంది. మన మనవలు కూడా వాయిదాలకి తిరుగుతారు. సంతకమే పడకూడదు. ఎవరిస్తో కాలు మన నేల మీద పడ్డ క్షణం నుంచి వాడే గవర్నర్. క్లొదోమీర్ చేతిలో పెన్ను వట్టి పుల్ల.”

“రమ్మంటే వస్తాడా?”

“చస్తే రాడు. నువ్వు తీసుకురా.” మేడమ్ ఒక గడ్డిటోపీ ఇచ్చింది. దాని అంచులో కెమెరా, లోపల ఇయర్‌పీస్. “ఆపరేషన్ పేరు కొత్త అల్లుడు. వాడి పక్కన లెతీసియా అని మనమ్మాయి ఉంది. కోడ్ మాట చెబుతుంది. నేను ప్యాలెస్‌లో కాఫీ పోసే దాని వేషంలో ఉంటాను.”

“మనమ్మాయేనా మేడమ్?”

“నెల క్రితం వరకూ మనమ్మాయే,” అంది ఆవిడ పొడిగా.

హెలికాప్టర్ జెనివాల్‌ని పదింటికి రేవులో దింపింది. చిరిగిన చొక్కా, గడ్డిటోపీ, నాలుగు రోజుల గడ్డం. జిల్డా ఎగాదిగా చూసింది.

“ఏరా, ప్రభుత్వ ఉద్యోగం పీకేశారా?”

“అక్కా, నలభై మంది కావాలి. డప్పులు కావాలి. ఎవరిస్తోకి జై కొట్టాలి.”

“ఆ దొంగ సచ్చినోడికా? నేను కొట్టను.”

విషయం చెప్పాడు. జిల్డా నడుం బిగించింది. “పడవ నేనే నడుపుతాను. ఈ నెలలో ఏరు పొంగి మన గట్టు వైపే తోస్తుంది. అవతల నిలవాలంటే ఇంజన్ క్షణం ఆగకూడదు. నీకు అది చేతకాదు.”

పదకొండూ ఇరవైకి రిసార్ట్ ముందు, నది మధ్య సరిహద్దు గీతకి అవతల, పడవ నిలిచింది. డప్పులు మోగాయి. “ఎవరిస్తో సెనేటర్!” అని నలభై గొంతులు అరిచాయి.

నాయకుడు బాల్కనీ మీదికొచ్చాడు. దేశం దాటి దాక్కున్న మనిషి, నిజానికి తలుపేసుకోవాలి. కానీ ఎన్నికల ఏడాదిలో ఓటరు చేతులు చాస్తే కౌగిలించుకోకుండా ఉండే నాయకుడు ఈ రాష్ట్రంలో ఇంకా పుట్టలేదు. చిన్న దోనె ఎక్కి వచ్చేశాడు. వెనకాలే తెల్ల గౌనులో, నల్ల కళ్ళద్దాలతో లెతీసియా.

“గీత దాటొద్దు తమ్ముడూ, నీకు దణ్ణం పెడతా,” అన్నాడు ఎవరిస్తో, పడవెక్కుతూ.

“అబ్బే, ఇక్కడే ఉంటాం దొరా. అందరూ ఒక్కసారి ముట్టుకుంటే చాలు.”

కౌగిళ్ళు మొదలయ్యాయి. లెతీసియా జెనివాల్ పక్కకొచ్చి నెమ్మదిగా అడిగింది. “చేపలకి ఉప్పు పట్టిందా?”

“పట్టింది. ఎండే చాల్లేదు.”

కోడ్ సరిపోయింది. అయినా జెనివాల్‌కి మనసు కుదుటపడలేదు. ఇయర్‌పీస్‌లో మేడమ్ గొంతు గుసగుసలాడింది. “పదకొండూ యాభై. కాగితాలు తెచ్చారు.”

ఎవరిస్తో ఇరవయ్యో ఓటరు మెడ మీద వాలి ఉన్నాడు. జెనివాల్ సైగ చేశాడు. జిల్డా చుక్కానిని ఒక వేలెడు తిప్పింది.

అంతే, జెనివాల్ పక్కటెముకల్లో చల్లగా ఏదో గుచ్చుకుంది. లెతీసియా విసనకర్ర వెనక చిన్న పిస్తోలు.

“తెలివైనవాడివే. కానీ బోరియాల్ వాళ్ళు నీ మేడమ్ కంటే బాగా చూసుకుంటారు. పన్నెండు దాటేదాకా ఈయన కదలడు. ఇంజన్ ఆపించు.”

“ఆపమంటావా?”

“ఇప్పుడే. లేదంటే ముందు ఆ ముసల్దానికి తగులుతుంది.”

జిల్డాకి ముసల్దన్న మాట గుండు కంటే గట్టిగా తగిలింది. అయినా తమ్ముడి ముఖం చూసి, పళ్ళు బిగబట్టి ఇంజన్ ఆపేసింది.

లెతీసియా నగరంలో పుట్టి, నగరంలో పెరిగిన పిల్ల. ఇంజన్ ఆగితే పడవ నిలబడుతుందనుకుంది. డప్పులు ఇంకా గట్టిగా మోగాయి. ఏరు మాత్రం పడవని ఎత్తి ఇంటి వైపు తోసింది. గీత ఎప్పుడు దాటిందో నాయకుడికి తెలియలేదు. ముప్పయ్యో కౌగిట్లో కళ్ళు మూసుకుని ఉన్నాడు.

“పెన్ను మూత తీశాడు,” అంది మేడమ్.

లెతీసియా ముందు చూసింది. సరిహద్దు పోస్టు మీద జెండా మీదమీదకొస్తోంది. “ఇంజన్ వెయ్యి! వెనక్కి తిప్పు!” అని కేకేసింది.

“నువ్వే ఆపమన్నావుగా తల్లీ,” అంది జిల్డా.

పడవ గట్టుని ఢీకొట్టింది. పిస్తోలు పేలింది, గుండు ఆకాశంలోకి పోయింది. జెనివాల్ ఆమె చెయ్యి విరిచి పట్టుకున్నాడు. జిల్డా రెండు చేతులతో ఎవరిస్తో వీపు మీద తోసింది. ఆ తోపులో వలల రేవు మొత్తం ఉంది. నాయకుడు బోర్లా వెళ్ళి సొంత దేశపు బురదలో మోచేతుల దాకా దిగబడ్డాడు.

“టైమెంత?” అని అరిచాడు జెనివాల్.

“పదకొండూ యాభై తొమ్మిది!” అన్నాడు పోస్టు అధికారి, రిజిస్టర్లో రాసుకుంటూ.

ప్యాలెస్‌లో టోపీ కెమెరా బొమ్మ గోడ టీవీ మీద వెలిగింది. క్లొదోమీర్ పెన్ను కాగితానికి వెంట్రుకవాసిలో ఆగిపోయింది. ఎందుకైనా మంచిదని కాఫీ పోసే ఆవిడ కెటిల్ మొత్తం ఆ కాగితం మీద వంపేసింది.

“నా సెనేట్!” అని బురదలోంచి ఏడ్చాడు ఎవరిస్తో.

“లేవండి గవర్నర్ గారూ,” అంది జిల్డా. “మిగిలిన పది మందీ కౌగిలి కోసం చూస్తున్నారు.”

ఒక్క పూట పాలించినా సరే, ప్యాలెస్ గోడకి ఫోటో ఎక్కించడం ఆ రాష్ట్రం ఆచారం. ఎవరిస్తో మూడు రోజులు పాలించాడు, ఒక్క ఫోటోకీ కూర్చోలేదు. అందుకని టోపీ కెమెరా తీసిందే పటం కట్టించారు. అందులో గవర్నర్ గారు బురదలో ఏడుస్తూ ఉంటారు, వెనక జిల్డా మాత్రం చక్కగా ఫోటోకి నవ్వింది.