సి డ్రైవ్‌లో జోలపాట

పందొమ్మిది వందల తొంభై తొమ్మిదిలో లింగంపల్లి రైల్వే స్టేషన్ దగ్గర నాకూ, మా బావ ఇశ్రాయేలుకీ కలిపి ఒక చిన్న కంప్యూటర్ రిపేరు షాపు ఉండేది. మాదాపూర్‌లో అద్దాల బిల్డింగులు లేస్తున్నాయి, ఊళ్ళో సగం మంది ఇంజినీర్లు అయిపోతున్నారు, మిగతా సగం వాళ్ళ కంప్యూటర్లు బాగుచేస్తున్నాం. నేను రెండో సగం.

ఒరిజినల్ విండోస్ సీడీ అంటే ఎట్లా ఉంటుందో అప్పట్లో మాలో చూసినవాడు లేడు. నిజాంపేట నుంచి నల్లగండ్ల దాకా అందరి ఇళ్ళలో ఒకటే కాపీ, ఎక్కించేటప్పుడు అది అడిగే కీ కూడా ఒకటే. ఆ ఇరవై అయిదు అక్షరాలు నాకు పరలోక ప్రార్థన లాగా నోటికి వచ్చేవి. మిషన్‌కి ఏ రోగం వచ్చినా నా దగ్గర ఒకటే వైద్యం. సి డ్రైవ్ మొత్తం తుడిచెయ్యడం, విండోస్ మళ్ళీ ఎక్కించడం, ఇచ్చిన టీ తాగి బయటపడడం. దాచుకోవలసినవన్నీ డి డ్రైవ్‌లో పెట్టుకోవాలని అందరికీ తెలుసు. తెలియనివాళ్ళకు నాలుగు చీవాట్లు పెట్టేవాణ్ణి. అంత పొగరుండేది నాకు.

ఆగస్టులో ఒక ముసురు రోజు కనకలక్ష్మి గారి ఇంటికి వెళ్ళాను. నల్లగండ్లలో బండరాళ్ళ మధ్య విడిగా ఉన్న ఇల్లు. సాయంత్రం ఐదున్నరే, అయినా మబ్బులకు లోపల లైటు వేసి ఉంది. తడిసిన గోడల వాసన, దాని మీద మాడిన పాల వాసన. ఆమెకు పాతికేళ్ళుంటాయి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. భుజం మీద ఎనిమిది నెలల పాప, ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయి, పిల్లికూనలా మూలుగుతోంది.

"మూడు రోజులైందండి ఇది నిద్రపోయి," అంది. "డాక్టరు గారు ఒంట్లో ఏమీ లేదన్నారు. కంప్యూటరు ఆగిపోయిన దగ్గర్నుంచీ ఇదే వరస."

కంప్యూటరుకీ పాప నిద్రకీ ఏం సంబంధమో ఆమే చెప్పింది. ఆమె భర్త రంగనాథ్ మాదాపూర్‌లో ప్రోగ్రామర్. ఫిబ్రవరిలో కొత్తగూడ దగ్గర లారీ గుద్ది చనిపోయాడు. అంతకు పది రోజుల ముందు, ఆఫీసు నుంచి రావడం ఆలస్యమవుతోందని, పాప కోసం ఒక జోలపాట మైకులో పాడి కంప్యూటర్‌లో దాచాడు. అప్పటినుంచీ పాపకు ఆ గొంతు వినపడితేనే నిద్ర.

"పాట పోదు కదండీ?" అని అడిగింది. "సీడీ ఎక్కడుందో, కీ ఏంటో నాకు తెలీదు. అవన్నీ ఆయనే చూసుకునేవారు."

"ఫికర్ చెయ్యకండి మేడమ్. సీడీ లేకున్నా నడుస్తది. సారు సామానంతా డి డ్రైవ్‌లనే పెడ్తుండె గద?"

"ఆయన చాలా పద్ధతిగా ఉండేవారండి," అంది.

అదే జవాబనుకున్నాను. సిగ్గుగా ఉంది చెప్పడానికి, కానీ అదే అనుకున్నాను. జేబులోంచి ఫ్లాపీ తీసి పెట్టి మిషన్ లేపాను. డి డ్రైవ్‌లో విండోస్ ఫైళ్ళ కాపీ ఉంది, మంచి పద్ధతి గల మనిషే. పాటను వెతకలేదు. చెయ్యి అలవాటు కొద్దీ సి డ్రైవ్ తుడిచే ఫార్మాట్ కమాండ్ కొట్టింది. ఖాయమేనా అని మిషన్ అడిగితే ఖాయమే అని కూడా కొట్టింది. నూరు శాతం అయ్యేదాకా కిటికీలోంచి వాన చూస్తూ కూర్చున్నాను.

ఫైళ్ళు ఎక్కుతుండగా ఆమె టీ తెచ్చింది. తెర వైపు చూస్తూ, "పాట బొమ్మ ముందే ఉంటుందండి, కింద మూలలో. నేను వెతుక్కోలేనని ఆయన డెస్క్‌టాప్ మీదే పెట్టారు," అంది.

డెస్క్‌టాప్ మీద ఉన్నదంతా సి డ్రైవ్‌లో ఉన్నట్టే. టీ గ్లాసు కింద పెట్టేశాను. చనిపోయిన మనిషి గొంతు లోకంలో ఒక్క చోటే ఉంది, దాన్ని నేను అరగంట క్రితం తుడిచేశాను. వెనక్కి రప్పించే విద్య నాకు రాదు. వచ్చినా, దాని మీద ఇప్పటికే వేరే ఫైళ్ళు పరిచేశాను.

ఆమెకు చెప్పాలి. నోరు తెరిచాను కూడా.

"ఇంకో గంట పడ్తది మేడమ్," అన్నాను.

ఆమె పాపను తీసుకుని పక్క గదిలోకి వెళ్ళింది. మిషన్ ఒకసారి ఆగి, మళ్ళీ లేచి, కీ అడిగింది. నాకు కంఠతా వచ్చిన కీ కొట్టాను. చెల్లదంది. మెల్లగా, ఒక్కో అక్షరం చూసుకుంటూ మళ్ళీ కొట్టాను. చెల్లదంది. రంగనాథ్ కొన్నది అసలు సిసలు విండోస్. దానికి దాని కీయే కావాలి. అది పాత సి డ్రైవ్‌లో ఉండేది, అదీ పాటతోపాటే పోయింది.

అప్పుడు కరెంటు పోయింది.

గదిలో తెర వెలుగు ఒక్కటే మిగిలింది. యూపీఎస్ ఆగి ఆగి కూత పెడుతోంది. పక్క గదిలో పాప మూలుగు. బయట బండల మీద వాన. నేను లేచి పారిపోవడానికి ఏం అబద్ధం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. సామాను షాపులో మరిచిపోయానని చెప్పొచ్చు...

స్పీకర్లలో చిన్న గరగర మొదలైంది.

ఆ సమయంలో స్పీకర్లు పలకడానికి వీల్లేదు. సౌండు కార్డును విండోస్ ఇంకా గుర్తుపట్టనే లేదు. ముందు వైరు వదులైందనుకుని చెయ్యి చాచాను. గరగర ఆగింది. దాని వెనక ఒక ఊపిరి... మెల్లగా తీసుకున్న ఊపిరి.

"కె," అంది ఒక మగ గొంతు. బాగా తగ్గించి, పక్కన ఎవరో పడుకున్నట్టు. "నాలుగు... ఎమ్..."

చాచిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. గొంతు ఆగింది. నేను కొట్టేదాకా ఆగింది.

నాకు భయం వేసింది, చాలా భయం వేసింది. దానికంటే పెద్ద భయం పక్క గదిలోని ఆమె ముఖం చూడడం. అందుకే కొట్టాను. కె. నాలుగు. ఎమ్. ఒక్కొక్క అక్షరం చెప్తోంది, నేను కొడుతున్నాను. ఇరవై నాలుగు అయ్యాయి. చివరిది చెప్పే ముందు ఆ గొంతు చాలాసేపు ఊరుకుంది. ఆ సందులో లేచి వెళ్ళి ఆమె కాళ్ళ మీద పడి నిజం చెప్పి ఉండాల్సింది. వేళ్ళు కీబోర్డు మీదే పెట్టుకుని కూర్చున్నాను.

"క్యూ," అంది.

కొట్టాను. కీ చెల్లింది.

కరెంటు వచ్చింది. మిగతా పనంతా దానంతట అదే అయిపోయింది. తెర తెరుచుకుంటే కొత్త విండోస్‌లో ఉండే బొమ్మలు ఉన్నాయి. కింద మూలలో ఇంకొకటి ఉంది. నేను పెట్టలేదు. దాని వివరాలు చూశాను. పొడవు సున్నా, సైజు సున్నా. లోపల ఏమీ లేని ఫైలు.

"వచ్చేసిందాండీ?" ఆమె నా వెనకే నిలబడి ఉంది. నేను ఆపేలోపల మౌస్ పట్టుకుని దాన్ని నొక్కింది.

పాట మొదలైంది. కీ చెప్పిన గొంతే. పాప మూలుగు ఆపి స్పీకర్ల వైపు తల తిప్పింది. ఆమె ఏడుస్తూ నాకు చేతులెత్తి నమస్కారం పెట్టింది. మధ్యలో పాప ఒకసారి చిరాగ్గా ఏడవబోయింది. పాట ఆగింది. పాప ఊరుకుంది. పాట ఆగిన చోటునుంచే మళ్ళీ మొదలైంది... రికార్డు చేసిన పాట అట్లా ఆగదు.

ఆమెకు అది తెలియలేదు. నేను చెప్పలేదు. బ్యాగు తీసుకుని వానలోనే లింగంపల్లి దాకా నడిచాను.

పది రోజులకు షాపుకి ఫోన్ వచ్చింది.

"జోయెల్ గారూ, కంప్యూటరు బ్రహ్మాండంగా ఉందండి," అంది. "ఒక్క సంగతి అడుగుదామని చేశాను. పాటలో పాప నవ్వు కూడా వినిపిస్తోంది. ముందు ఆయన గొంతొక్కటే ఉండేది. మీరేమైనా కలిపారా?"

రిసీవరు చెవికి అదుముకున్నాను. "పాప... పాప ఎట్లుంది మేడమ్?"

"ఇప్పుడు అస్సలు ఏడవట్లేదండి. ఉయ్యాల్లోనే ఉంటుంది, కళ్ళు తెరుచుకుని. ఎంత పిలిచినా పలకదు." ఆమె కొంచెం నవ్వింది. "దాని గొంతు వినాలనిపిస్తే నేనూ కంప్యూటరే పెట్టుకుంటున్నాను."