ఏడో రికార్డుకు జవాబు

జహీరాబాద్ బస్టాండు దాటి బొంబాయి సడక్ మీద నాలుగడుగులు వేస్తే మాణిక్ రేడియో దుకాణం వచ్చేది. ముందర దుకాణం, వెనక రెండు గదుల ఇల్లు. పెళ్ళిళ్ళకు మైకుసెట్టు కిరాయికి ఇవ్వడం, మూలపడ్డ రేడియోలకు ప్రాణం పోయడం అతని పని. చేతికన్నా నోరు ఎక్కువ ఆడుతుందని పేరుండేది గాని మనిషి మంచివాడు. 1964 శ్రావణంలో ఆ దుకాణానికి ఒక రికార్డు ప్లేయరు బాగుచేతకు వచ్చింది. దాంతోపాటు ఏడు పెద్ద రికార్డులు వచ్చాయి.

తెచ్చినవాడు రైల్వే గార్డు విక్టర్. ఒంటి రంగు చూసి ఊరంతా దొర అనేవాళ్ళు గాని, ఆయన పుట్టి పెరిగింది సికింద్రాబాద్ రైల్వే క్వార్టర్లలోనే. బొంబాయి పోయినప్పుడల్లా పాత సామాన్ల బజారులో తిరిగి అమెరికా నల్లజాతి వాళ్ళు పాడిన రికార్డులు ఏరుకొచ్చేవాడు. జాజ్ అనీ బ్లూస్ అనీ వాటికి పేర్లు. ఈ ఏడు రికార్డుల్లో మిగతా పాటలు దేనివి దానివే. ఒక్క పాట మాత్రం ఏడింట్లోనూ ఉంది, ఒక్కొక్క దాంట్లో ఒక్కొక్కరి గొంతులో. ఒకటే పాటకు ఏడు రికార్డులు కొన్నవాడికి దిమాఖ్ చెడినట్టేనని మాణిక్ నవ్వాడు. ఒకటే పప్పు ఏడిండ్లల్లో వండితే ఏడు రుచులు రావా అని దొర ఎదురడిగాడు. పది రోజుల్లో వస్తానని చెప్పి బండికి టైమవుతోందని వెళ్ళిపోయాడు.

మాణిక్ భార్య నీలమ్మకు అప్పుడు ఏడో నెల. పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో రెండు కడుపులు మధ్యలోనే పోయాయి. ఈసారిది నిలబడింది. సడక్ మీద లారీ హారన్ కొడితే చాలు, కడుపులో పిల్ల ఎగిరి తన్నేది. ఆ తన్ను తగిలినప్పుడల్లా నీలమ్మ చేస్తున్న పని ఆపి, పొట్ట మీద చెయ్యేసుకుని కాసేపు అలాగే నిలబడేది. ఈ బిడ్డ కూడా దక్కకపోతే తను బతకనని ఆమెకు తెలుసు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆ వాడలో ఎవరు పోయినా ముందు నీలమ్మకే కబురొచ్చేది. శోకం పెట్టడంలో ఆమెకు సాటి లేరు. చావింట్లో ఒక మనిషి శోకం ఎత్తుకుంటుంది. ఒక్క వరుస ఏడ్చి ఊపిరి కోసం ఆగుతుంది. ఆ ఖాళీలో పక్కనున్న ఆడది అందుకోవాలి. పోయినవాళ్ళను వరస పెట్టి, అన్నా అనో అవ్వా అనో పిలిచి, తిరిగి రమ్మని అడగాలి. ఖాళీని ఖాళీగా వదిలేస్తే పోయినవాళ్ళను చిన్నచేసినట్టు. నీలమ్మ న్యాల్‌కల్ పక్క పల్లెలో పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడే అందుకోవడం నేర్చింది. కడుపుతో ఉన్నదాన్ని చావింటికి పంపరు కాబట్టి ఏడు నెలలుగా ఆమె గొంతుకు పని లేదు. చెప్పుకోవడానికి సిగ్గు గాని, ఆ పని లేక ఆమెకు ఏమీ తోచేది కాదు.

అత్త నాగవ్వ ఇంకో మాట కూడా గట్టిగా చెప్పి పెట్టింది. శవం లేని ఇంట్లో శోకం పెట్టకూడదు. పెడితే ఎవరు విని వస్తారో ఎవరికీ తెలియదు.

ప్లేయరు నాలుగు రోజుల్లో బాగైంది. ఎలా పలుకుతోందో చూడాలి కదా అనే వంకతో మాణిక్ ఒక్కొక్క రికార్డు వేసి విన్నాడు. నీలమ్మ వెనక గదిలో అల్లం చెక్కు తీస్తూ వింది. మాట ఒక్కటీ అర్థం కాలేదు. అయినా రెండో రికార్డు సగానికి రాకముందే కత్తిపీట మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. ఒక గొంతు ఏదో అడుగుతుంది, ఆగుతుంది. ఆ ఖాళీలో ఒక బాకా అందుకుంటుంది. ఇంకో రికార్డులో బాకా బదులు పియానో, మరో దాంట్లో నలుగురు మగవాళ్ళ గొంతులు మాటల్లేకుండా కలిసి. ఒకటి పెళ్ళి బాజాలాగా ఎంత హుషారుగా ఉన్నా, అడగడం, ఆగడం, అందుకోవడం మాత్రం తప్పలేదు. ఇది శోకమే అని ఆమె మొగుడితో అంది. అమెరికావాళ్ళకు పైసలున్నయి, కార్లున్నయి, వాళ్ళకేం శోకమని మాణిక్ కొట్టిపారేశాడు.

ఆరు విన్నాక మొగుడంపల్లి నుంచి మైకుసెట్టుకు పిలుపొచ్చింది. ఏడోది వినకుండానే మర్నాడు పొద్దున్నే వెళ్ళిపోయాడు.

అదే రోజు మధ్యాహ్నం వెనక వీధిలో గానుగ సంగయ్య తల్లి పోయింది. నాగవ్వ చీర కొంగు నెత్తి మీదకు లాక్కుని చావింటికి బయలుదేరింది. తలుపు లోపల గడియ పెట్టుకోమని కోడలికి చెప్పింది. ఆమె అటు పోగానే వాన మొదలైంది. మబ్బు ఎంత దట్టంగా కమ్మిందంటే, రెండు గంటలకే ఇంట్లో దీపం పెట్టాలనిపించింది. వానలో తడిసిన గోనెసంచుల వాసన, దుకాణంలోని కాలిన తీగల వాసన కలిసి ముక్కుకు పట్టాయి. వాన ఆగి ఆగి కురుస్తోంది. ఆగినప్పుడు వెనక వీధిలోంచి శోకం సన్నగా వినిపిస్తోంది. సంగయ్య పెళ్ళాం ఎత్తుకుంటోంది. అందుకునేవాళ్ళకు గొంతు చాలడం లేదు. ఖాళీలు ఖాళీగానే పోతున్నాయి. నీలమ్మకు కూర్చున్నచోట కూర్చోబుద్ధి కాలేదు.

ఆ శోకం చెవిన పడకూడదనే ఆమె దుకాణంలోకి వచ్చి ప్లేయరు పెట్టింది. మొగుడు చేస్తుంటే రోజూ చూసిందే. ఏడో రికార్డు తీసి, రెండో వైపు తిప్పి, దొర అట్ట మీద గుర్తు పెట్టిన చివరి పాట మీద ముల్లు ఆనించింది.

ఒక ఆడగొంతు. వయసు చిన్నది. పాట వెనక ఎక్కడో ఒక తీగవాద్యం మాత్రం మెల్లగా మోగుతోంది. ఆ గొంతు ఒక్క వరుస అడిగి ఆగింది. నీలమ్మ బాకా కోసం చూసింది. బాకా రాలేదు. పియానో రాలేదు. ఎవరూ అందుకోలేదు. ఖాళీ అలాగే గడిచిపోయింది.

గొంతు మళ్ళీ అడిగింది. ఈసారి ఇంకా దీనంగా. మళ్ళీ ఖాళీ. నీలమ్మ పెదవులు కదిలాయి. కొంగు నోట్లో కుక్కుకుంది.

మూడోసారి ఆ పిల్ల గొంతు చివర పగిలింది. అడిగి, ఆగిపోయింది. ఆ ఖాళీ చాలా పెద్దది. నీలమ్మకు నాగవ్వ మాట గుర్తుంది. గుర్తుండి కూడా ఆపుకోలేకపోయింది. ఎన్నో ఏళ్ళ అలవాటు నోరు తెరిపించింది.

"ఎటు పోతివే బిడ్డా... ఇటు రావే బిడ్డా... ఇదే నీ ఇల్లు బిడ్డా..."

పాట అయిపోయింది.

ఇంట్లో ఏ చప్పుడూ లేదు. వాన కూడా ఆగింది. చివరి గీతలో ముల్లు తిరుగుతూ టప్... టప్... అంటోంది. నీలమ్మ ముల్లు ఎత్తి పక్కన పెట్టింది.

టప్... టప్...

పళ్ళెం తిరగడం ఆగింది. చప్పుడు ఆగలేదు. ఆమె గోడలోంచి తీగ పీకేసింది. చప్పుడు ఆగలేదు. అది ప్లేయరులోంచి రావడం లేదు. సడక్ వైపు నుంచి వస్తోంది. బురదలో చెప్పుల్లేకుండా నడిచే చప్పుడు. తొందర లేదు... అలసిపోయిన నడక... ఒక్కో అడుగు వేసి, ఆగి, ఇంకో అడుగు.

దుకాణం తలుపు ముందు ఆగింది.

తలుపుకు లోపల గడియ ఉంది. గడియ కదల్లేదు. తలుపు కింది సందులోంచి చల్లని గాలి, దాంతోపాటు ఒక వాసన వచ్చింది. పెద్ద నది ఒడ్డున కుళ్ళిన ఆకుల వాసన. జహీరాబాద్ దరిదాపుల్లో అంత పెద్ద నది లేదు. నీలమ్మ వెనక్కి జరిగింది. గోడ తగిలింది. చేతులు రెండూ పొట్ట మీద వేసుకుంది.

గడప లోపలి షాబాదు బండ మీద తడి మరక ఒకటి తేలింది. మడమ... వేళ్ళు... ఒక పాదం.

దాని ముందు ఇంకొకటి.

ఇంకొకటి...

ఎవరూ లేరు. పాదాలు మాత్రం పడుతున్నాయి. ప్లేయరు పక్కనుంచి, విప్పిన రేడియోల మధ్య నుంచి, తోవ తెలిసినట్టు నేరుగా వస్తున్నాయి. అరవాలనుకుంది. చివరి రెండు పాదాలు ఆమె పాదాలకు ఎదురుగా, వేళ్ళకు వేళ్ళు తాకేంత దగ్గరగా పడ్డాయి. అక్కడ ఆగిపోయాయి.

అప్పుడే కడుపులో కదలిక ఆగింది.

నీలమ్మ పొట్టను అదిమింది. తట్టింది. బిడ్డా, బిడ్డా అని లోలోపలే అనుకుంది. సడక్ మీద లారీ ఒకటి పెద్దగా హారన్ కొట్టుకుంటూ పోయింది. పిల్ల తన్నలేదు. ఎంతసేపు అలా నిలబడిందో ఆమెకు తెలియదు. అంత భయం మునుపు రెండు కడుపులు పోయినప్పుడు కూడా పడలేదు.

తరవాత కదిలింది. కుడి పక్క తన్నే పిల్ల, ఎడమ పక్క, కింద ఎక్కడో, నెమ్మదిగా కదిలింది. కొత్త ఇంట్లో చోటు చూసుకుని కూర్చున్నట్టు.

నాగవ్వ చావింటి నుంచి వచ్చి, లోపలికి రాకముందు కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు తెమ్మని తలుపు తట్టింది. గడియ తీసిన కోడలి ముఖం చూసి నీళ్ళ సంగతే మరిచిపోయింది. నీలమ్మ జరిగింది చెప్పింది. బండలు అప్పటికే ఆరిపోయాయి.

"ఏం వరస పెట్టి పిలిచినవ్?" అని గుసగుసగా అడిగింది నాగవ్వ.

"బిడ్డా అన్న, అత్తమ్మా."

"రమ్మన్నవా?"

"శోకంల రమ్మనే అంటం గద..."

నాగవ్వ తలుపు మళ్ళీ గడియ పెట్టింది. ఆ పూట చావింటి మైల ఒంటి మీద ఉండగానే కోడలి పక్కన కూర్చుని, తెల్లారేదాకా ఆమె చెయ్యి వదల్లేదు.

మర్నాడు మాణిక్ వచ్చి విని, కడుపుతో ఉన్న ఆడవాళ్ళకు ఇలాంటివి తోస్తుంటాయని నవ్వాడు. వాళ్ళ భయం తీరుద్దామని ఏడో రికార్డు తనే వేశాడు. తీగ మోగింది. మెల్లగా, మొదటి నుంచి చివరి దాకా తీగ ఒక్కటే మోగింది. పాడే గొంతు లేదు. ముల్లు మార్చాడు. బెల్టు చూశాడు. మిగతా ఆరు వేసి చూశాడు, వాటిల్లో అందరూ పాడుతున్నారు. మళ్ళీ ఏడోది వేశాడు. ఆ రోజు తరవాత అతను ఆ మాట ఎత్తి నవ్వలేదు.

పదో రోజు విక్టర్ దొర వచ్చాడు. అసలు ఆ పాటలో ఏముందని మాణిక్ అడిగాడు. తోవ తప్పి, ఇంటికి చేరకుండానే నదిలో పడి పోయిన పిల్ల పాట అది అన్నాడు దొర.

"అమ్మా, ఇంటికి ఏ తోవన రావాలె అని అడుగుతది. ఎవరూ చెప్పరు. జర బాజాలు మోగుతయి, అంతే."

తలుపు చాటు నుంచి నాగవ్వ నోరు తెరిచింది.

"ఎవరన్న చెప్తే?"

దొర ఆమె వంక ఆశ్చర్యంగా చూశాడు. ఎవరు పాడినా అందులో ఎవరూ చెప్పరమ్మా అన్నాడు. రికార్డులు, ప్లేయరు తీసుకుని రిక్షా ఎక్కాడు. ఏడోదాని గురించి చెప్పే ధైర్యం మాణిక్‌కు లేకపోయింది.

ఆపైన రెండు నెలలు నీలమ్మ నిద్ర నిద్ర కాదు. లారీలు ఎన్ని హారన్లు కొట్టినా కడుపులో ఉలుకు లేదు. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు మాత్రం కదిలేది. బిడ్డ పానంతోనే ఉంది, గంతే చాలనుకో అని నాగవ్వ అనేది. అంటూ కోడలి కళ్ళలోకి చూసేది కాదు.

కార్తీకంలో ఒక మిట్టమధ్యాహ్నం కాన్పు అయింది. మంత్రసాని మణెమ్మ వచ్చి చేసింది. ఆడపిల్ల. ఊపిరి ఉంది, ఒళ్ళు వెచ్చగా ఉంది. ఏడవలేదు. మణెమ్మ తలకిందులు చేసి తట్టింది. అయినా ఏడవలేదు. కళ్ళు మాత్రం తెరిచి చూస్తోంది. సరే, కొందరు పిల్లలు అంతేనని గోరువెచ్చని నీళ్ళు పోయడం మొదలుపెట్టింది. తల, ఒళ్ళు, చేతులు. కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆమె చేతులు ఆగాయి.

"ఏమైందక్కా?"

మణెమ్మ పిల్ల అరికాళ్ళు నీలమ్మ వైపు తిప్పి చూపింది. మడమలు పగిలి ఉన్నాయి. వేళ్ళ కింద తోలు కాయలు కాచి గట్టిపడి ఉంది. పగుళ్ళలో బూడిదరంగు ఒండ్రు. చుట్టుపక్కల ఎర్రమట్టి, నల్లరేగడి తప్ప అలాంటి మట్టి ఎవరూ చూసి ఉండరు. మణెమ్మ మూడు చెంబులు పోసినా అది పూర్తిగా పోలేదు. చివరికి పిల్ల కాళ్ళకు గుడ్డ చుట్టి, తల్లి పక్కలో పడుకోబెట్టి, చేతులు కూడా తుడుచుకోకుండా గోడకు ఆనుకుని కూర్చుంది.

"మణెమ్మక్కా," అంది నీలమ్మ. "ఇది వచ్చింది గద... మరి నాది ఏది?"

బయట ఎండ కాస్తోంది. పొడి నేల మీద అడుగుల చప్పుడు వినిపించింది. చాలా చిన్న అడుగులు. అప్పుడే నడక నేర్చిన పిల్లవి. గుమ్మం దగ్గర మొదలై, వాకిలి దాటి, సడక్ వైపు పోతున్నాయి.

నీలమ్మ మోచేతుల మీద లేచింది. ఉన్న బలమంతా కూడదీసుకుని పిలిచింది.

"బిడ్డా..."

పక్కలోని పిల్ల తల తిప్పి ఆమె వంక చూసింది. బయట అడుగులు ఆగలేదు.