లక్క ముద్ర వేసిన సొరుగు

లూసాన్ వారి ఇంటి సందులోంచి చీకటిపడ్డాక ఎవరూ నడిచేవారు కాదు. పైగదిలో మహాగని సొరుగుల బీరువా రాత్రిళ్లు ఏడుస్తుందని ఊరంతా గుసగుసలు. ఆ ఏడుపు మొదట విన్నది వంటమనిషి పెరీన్.

లూసాన్ అమ్మగారు చలికాలంలో పోయారు. పిల్లల్లేరు. వారసులు పారిస్ నుంచి రావాలి. అందాకా సామాను ఎవరూ ముట్టకూడదు కదా — శవపేటిక గడప దాటిందో లేదో న్యాయాధికారి వచ్చేశాడు. తెరిచివున్న సొరుగులు చకచకా నెట్టించాడు. వాటికి అడ్డంగా నాడా లాగి, రెండు కొసలా ఎర్ర లక్క కరిగించి ముద్ర కొట్టాడు.

"కాపలా నీదే, పెరీన్. ముద్ర చిట్లిందా, నేరుగా జైలుకే."

"అలాగేనండయ్యా" అంది పెరీన్.

ఆ రాత్రి వంటింట్లో పడుకుంది. బీరువా ఉన్న గది సరిగ్గా నెత్తిమీదే. కొవ్వొత్తి ఆర్పిందో లేదో...

గర్... గర్...

చెక్కను గోళ్లతో గీకుతున్నట్టు! వెనకే సన్నగా ఒక మూలుగు — అచ్చం మంచాన పడ్డప్పుడు అమ్మగారు మూలిగినట్టే.

తెల్లారాక చాకలి సిడొనీకి చెప్పుకుంది.

"ఎలకలే, పిచ్చిమొహమా!" అని నవ్వేసి, ఆ రాత్రి తోడు పడుకుంది సిడొనీ. చప్పుడు మొదలయ్యాక ఆ నవ్వు ఏమైపోయిందో!

"అక్కా... తెరిచి చూద్దామా?"

"నోర్ముయ్! నిన్ను జైల్లో వేస్తారు, నీతోపాటు నన్నూ లాగుతారు. ఇంతకీ అందులో ఏముందే?"

"దుప్పట్లు. తను పోతే కప్పమని పెళ్లినాటి దుప్పటి దాచుకున్నారు అమ్మగారు, పాపం. హడావుడిలో... దొరక్క వేరేది కప్పేశాం."

సిడొనీ గుండెల మీద శిలువ గీసుకుంది. "అయితే ఇంకేముంది. దానికోసమే వచ్చింది."

మర్నాటి నుంచి పెరీన్ పొద్దుగూకగానే బీరువా ముందు మోకరిల్లేది. చర్చినుంచి తెచ్చిన పుణ్యజలం కొమ్మతో చిలకరించేది.

"అమ్మా, తప్పయిపోయింది. ముద్ర తెంచలేను తల్లీ. వారసులు రాగానే మీ దుప్పటి మీకిప్పిస్తాను. అందాకా ఓర్చుకోండి..."

ఆమె గొంతు వినగానే లోపల గీకుడు ఎక్కువయ్యేది. ఆమె చెవులు మూసుకుని, ఇంకా గట్టిగా ప్రార్థన చదివేది.

విచిత్రం! రోజురోజుకీ చప్పుడు సన్నబడింది. ఒక రాత్రి ఏమీ లేదు.

"శాంతించారు" అనుకుంది పెరీన్. కళ్లనీళ్లు పెట్టుకుని, హాయిగా నిద్రపోయింది.

వారసులొచ్చారు. న్యాయాధికారి వంగి చూశాడు. "చెక్కుచెదరలేదు. శభాష్!" అని నాడా కోసి, అడుగు సొరుగు లాగాడు.

గుప్పున వాసన.

పెళ్లినాటి దుప్పటి మీద, ముడుచుకుని — అమ్మగారి బూడిదరంగు పిల్లి. దుప్పటి కోసం ఇల్లంతా వెతికిన రోజు, తెరిచివున్న సొరుగులోకి ఎప్పుడు దూరిందో! శవపేటిక వెంట పోయి తిరిగిరాలేదని అందరూ అనుకున్నారు.

లోపలి చెక్క తెల్లగా చీరుకుపోయి ఉంది. పంజాల్లో గోళ్లు లేవు.

పెరీన్ వంగి ఆ గీతలు తడిమింది. అన్నీ ఒక్కచోటే ఉన్నాయి — రోజూ తను మోకరిల్లి, ఓర్చుకోమని వేడుకున్న వైపే.