టోరామ్ అన్న ఒక్క మాట

నత్త వాళ్ళ అన్నయ్యను కంప్యూటర్ ముందు కూర్చుని ఉండగా ఒక ముఠావాళ్ళు వెనకనుంచి కాల్చారు. స్క్రీన్ మీద ‘డిస్కు వాడకంలో ఉంది, చెరపడం కుదరదు’ అన్న వాక్యం అలాగే ఉండిపోయింది.

వారం తిరక్కముందే అదే ముఠాకు చెందిన ఇంకో ఆఫీసులో అలాంటి పనినే చీఫ్ నత్తకు అప్పగించాడు. ప్రతిదీ పూర్తిగా చదివితే గాని మీట నొక్కడని గూఢచారి ఏజెన్సీలో అతనికి ఆ పేరు. నత్తకు ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. సరే అన్నాడు.

చీఫ్ చెప్పింది ఇది. విదేశీ ముఠా నాయకుడు మధ్యాహ్నం పన్నెండుకు అక్కడి కంప్యూటర్ నుంచి రైల్వే సిగ్నళ్ళలోకి చొరబడి, ఒకే లైను మీద ఎదురెదురుగా వచ్చే రెండు పాసింజర్లకూ పచ్చలైటు వేస్తాడు. ఆలోగా హార్డ్ డిస్కు చెరిపేయాలి. కంప్యూటర్ పెట్టె ఇనుప బోనులో ఉంటుంది, పెన్‌డ్రైవ్ గుచ్చే వీల్లేదు. అందుకే లైవ్ లినక్స్ అనే వేరే సిస్టమ్ ఫైలును ముందే ఆ హార్డ్ డిస్కులోనే దాచి, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు కనిపించే బూట్ మెనూలో ఒక వరుస చేర్చారు. దాన్ని ఎంచుకుంటే ముఠా సిస్టమ్‌కు బదులు మన సిస్టమ్ లేస్తుంది. ఆ ఏర్పాటు చేసింది ముఠాలో ఆపరేటరుగా చేరిన డబుల్ ఏజెంట్, నత్త వదిన.

నత్త ఏసీ మెకానిక్ వేషంలో వెళ్ళాడు. వదిన నల్లకళ్ళద్దాలు తలమీదికి తోసుకుంది. గదంతా సెంటు వాసన.

“గ్యాస్ అయిపోయిందా?” అంది, కోడ్ ప్రకారం.

“లేదండీ, పైపు లీకు.”

రీస్టార్ట్ చేశాడు. మెనూ వచ్చింది.

“ఎంటర్ కొట్టు మరిదీ. ముహూర్తం చూస్తున్నావా?”

నత్త ఎంటర్ కొట్టకుండా ఆ వరుసను తెరిచి చివరిదాకా చదివాడు. ‘టోరామ్’ అన్న మాట లేదు. అది ఉంటే సిస్టమ్ మొత్తం మెమరీలోకి ఎక్కి డిస్కును వదిలేస్తుంది. లేకపోతే డిస్కు మీదే కూర్చుని నడుస్తుంది. తను కూర్చున్న డిస్కును చెరపమంటే మొరాయిస్తుంది.

“టోరామ్ లేదేంటి వదినా?”

“మర్చిపోయుంటాను.”

“మా ఇద్దరికీ అది నేర్పింది నువ్వేగా.”

ఆమె చెయ్యి గోడ మీది బెల్లు వైపు కదిలింది. నత్త స్క్రూడ్రైవర్ ఆమె వైపు తిప్పాడు. అందులో ఒక తూటా ఉంటుందని ఆమెకు తెలుసు. కూర్చుంది.

“మీ అన్నయ్య చదవకుండానే ఎంటర్ కొట్టాడు,” అంది. “నన్ను నమ్మాడు.”

“నేనూ నమ్మాను. చదవడం అలవాటు, అంతే.”

ఒంటిచేత్తో ఆ మాట టైపు చేసి ఎంటర్ కొట్టాడు. సిస్టమ్ మెల్లగా మెమరీలోకి ఎక్కింది. చెరపమని ఆజ్ఞ ఇచ్చాడు. ఇద్దరూ స్క్రీన్ చూస్తూ కూర్చున్నారు. తనకు ఏదో ఒకటి అనిపించాలి కదా అనుకున్నాడు నత్త. ఏమీ అనిపించలేదు.

నడవాలో బూట్ల చప్పుడు వినిపించింది. తలుపు పిడి తిరుగుతుండగా స్క్రీన్ మీద ‘పూర్తయింది’ అని పడింది. మీట నొక్కి కంప్యూటర్ ఆపేశాడు.

నాయకుడు లోపలికి వచ్చాడు. మేడమ్ కిందికొచ్చి సంతకం పెడితే ఏసీ పని అయిపోతుందని నత్త అతనితో చెప్పి, స్క్రూడ్రైవర్ చేతిగుడ్డలో చుట్టి వదిన నడుముకు ఆనించి ఆమెను బయటికి నడిపించాడు. వెనక గదిలో నాయకుడు ఖాళీ డిస్కున్న కంప్యూటర్‌ను స్టార్ట్ చేస్తూనే ఉన్నాడు.

వదినను ఏజెన్సీ వ్యానెక్కించి నత్త స్టేషనుకు వెళ్ళాడు. ఆ రెండు పాసింజర్లలో మొదటిది క్షేమంగానే వచ్చింది, కాకపోతే ఆలస్యంగా. పక్కనున్న పెద్దాయన గడియారం చూసుకుని, ఈ రైల్వేవాళ్ళకు పని చేతకాదన్నాడు.

“అవునండీ,” అన్నాడు నత్త.